గడియకత్తి వెనకముఖం

జనవరి 9, గురువారం

నా పాత స్నేహితురాలు రూన్‌హిల్ట్ దగ్గర్నుంచి కార్డు వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇరవై రెండేళ్ళ తర్వాత నాలుగు వాక్యాలు. కార్డు ఎలాగూ ఎక్కడో పారేసుకుంటాను, ఇక్కడ ఎక్కించుకుంటున్నాను:

"గెజీనె, నాకింకా ఆ పేజీ గుర్తుంది. మార్చి 22న మాగ్డెబుర్గ్‌లో వేషాల మేళా జరుగుతోంది. మనకి యాభై రాకముందు ఒక్కసారైనా స్టేజీ మీద ఆ గడియ వేద్దామా? నువ్వు మినె, నేను అకిహ, అప్పుడు అనుకున్నట్టే."

సరేనని నిన్న జవాబు రాశాను. ఇవాళ చెక్క తెచ్చేశాను. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరికితే నేనేమవుతానో నాకు తెలుసు.

లిండెన్ పలక. తెల్లగా, మెత్తగా, ఒక్క ముడి లేకుండా ఉంది. వంటింటి బల్ల మీద దాన్ని పడుకోబెట్టి, పక్కన నా పాత బొమ్మల కథ మూడో భాగం తెరిచాను. ద్వారం పేజీ. కాపలా అక్కచెల్లెళ్ళు మినె, అకిహ చెరోపక్క నిలబడి, పొడుగు కర్రల కొసనున్న చంద్రవంక కత్తుల కొక్కేలు ఒకదానిలో ఒకటి తగిలిస్తారు. అంతే, ద్వారం మూసుకుంటుంది. ఎదుట ఉన్న సైన్యం అంగుళం కదలదు. పద్దెనిమిదేళ్ళ వయసులో మేం దానికి గడియకత్తి అని పేరు పెట్టుకున్నాం. పుస్తకంలో దాని పేరేమిటో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

2003 మేలో కూడా వెళ్దామనుకున్నాం. చీపురు కర్రలు, అట్టముక్కలు, బంగారు రంగు. రైలు తప్పిపోయింది. ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్ళది.

జనవరి 14

మేళాకి తొమ్మిది వారాల ముందునుంచే చేతినిండా పని. ఉద్యోగం పోయినవాళ్ళు ఇంత హుషారుగా ఉండకూడదేమో. ఉన్నాను.

జనవరి 16, గురువారం

పాత సారాయి బట్టీలో నడిచే కార్ఖానాకి వెళ్ళాను. మంగళ, గురువారాల్లో ఎవరైనా వెళ్ళి పని చేసుకోవచ్చు. అక్కడ పెద్దదిక్కు ట్రౌట్‌వెటర్ గారు. డెబ్బై నాలుగేళ్ళు, నలభై ఏళ్ళు అల్మరాలు చేసిన మనిషి. నా కాగితాలు, కొలతలు, మూడు రంగుల్లో వేసుకున్న గీతలు చూశాడు.

"ఏం చదువుకున్నారు?"

"మధ్యయుగపు వ్రాతప్రతులు. మొన్నటిదాకా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో, పాత పటాల విభాగంలో పనిచేశాను."

"డాక్టరా?"

"ఆఁ."

"అదీ సంగతి. ఇంత చక్కటి గీతలు కష్టం చేసుకునేవాళ్ళు గీయరు. సరే డాక్టరమ్మా, ఏమిటీ వస్తువు? చేపలు పట్టడానికా?"

చెప్పాను. వేషం, స్టేజీ, నలభై ఆరేళ్ళు, అన్నీ. చెబుతూ సిగ్గుపడటం మరిచిపోయాను. ఆయన నవ్వలేదు. పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు, చాలాసేపు.

"ఈ పల్లెలో ఒక్కడికీ కుడిచెయ్యి పనిచేయదా?"

"అంటే?"

"వడ్రంగి ఎడమచేత్తో రంపం పడుతున్నాడు. కమ్మరి ఎడమచేత్తో సుత్తి. ఈ ముసలావిడ గరిటె కూడా ఎడమచేత్తోనే."

చిత్రకారుడి శైలి అయివుంటుందన్నాను. ఆయన "అయివుంటుంది" అని పుస్తకం మూసి ఇచ్చేశాడు.

ఇక్కడొక కట్టుబాటు ఉంది. చెక్క పాడుచేసినవాళ్ళు వచ్చే గురువారం కేకు తేవాలి. కేకు కోసేముందు ఏం పాడుచేశారో అందరి ముందూ ఒకే వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యంలో 'ఎందుకంటే' ఉండకూడదు. నాకు ఆ అవసరం రాదు. రెండుసార్లు కొలవనిదే నేను గీత గీయను.

జనవరి 21, మంగళవారం

కొక్కెం విరిగింది.

జనవరి 23, గురువారం

గసగసాల కేకు తీసుకెళ్ళాను. అమ్మ చేసే పద్ధతిలో, అడుగున పలచటి పిండి, పైన రెండు వేళ్ళ మందం గసగసాలు. ట్రౌట్‌వెటర్ గారు చాకు పట్టుకుని నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ కాఫీ కప్పులతో ఎదురుచూస్తున్నారు.

"నేను కొక్కెం విరక్కొట్టాను, ఎందుకంటే ఆ పలకలో నార..."

చాకు బల్ల మీద పెట్టేశాడు.

"అంటే నా ఉద్దేశం, దుకాణంలో వాళ్ళు చెప్పిన..."

"డాక్టరమ్మా, మాకు ఆకలేస్తోంది."

నాలుగోసారికి వచ్చింది: "కొక్కెం దగ్గర నార అడ్డంగా పోతోందని నేను చూసుకోలేదు." ఏడే ఏడు మాటలు. పరిశోధన గ్రంథం సమర్థించుకున్న రోజు కూడా ఇంత చెమట పట్టలేదు.

కేకు బాగుందన్నారు. రెండు పలచటి పలకలు నార అటూ ఇటూ వచ్చేట్టు అతికించి మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. అలా చేస్తే ఎటునుంచీ విరగదట. పన్నెండు క్లాంపులు బిగించి వచ్చాను.

జనవరి 26, ఆదివారం

రూన్‌హిల్ట్ ఫోన్ చేసింది. గొంతు అలాగే ఉంది, కొంచెం బొంగురుపోయింది. ఎర్‌ఫుర్ట్‌లో ఉంటోంది, కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పని. నేను ముందే అనుకున్న మర్యాదలన్నీ అరనిమిషంలో కొట్టుకుపోయాయి.

"ఏమే, చెక్కతోనేనా నిజంగా? నురుగు పలకతో, అదే ఫోమ్‌తో, చేసుకుంటే రెండు రోజుల పని."

"నురుగుతో చేస్తే గడియ పడ్డప్పుడు చప్పుడు రాదు."

"అదే నేనూ అనుకున్నా. నాది సగం అయింది. పళ్ళు చెక్కే సామానుతో కర్రని చెక్కుతున్నానే, నవ్వకు. నీకు బొమ్మలు కావాలా? కొత్త ముద్రణ పెద్ద సైజులో వచ్చింది, పేజీలు ఫోటో తీసి పంపిస్తా."

"అక్కర్లేదు. నా దగ్గర మొదటి ముద్రణ ఉంది."

"తెలుసులే, చిరిగిపోయి ఉంటుంది. కొత్తదాంట్లో గీత ఎంత స్పష్టంగా..."

"రూన్‌హిల్ట్, పని చేసేటప్పుడు నేను మూలం చూస్తాను. తర్వాతి ప్రతులు చూడను."

"సరే తల్లీ, నీ మూలం నువ్వు చూసుకో" అంది. నవ్వుతూనే అంది.

ఎలా నిలబడాలి, ఎటు తిరగాలి అన్నీ ఆ పేజీలో ఉన్నట్టే చేద్దాం అనుకున్నాం. ఇద్దరికీ కళ్ళు మూసుకుంటే కనిపించే పేజీ. దాని గురించి మాట్లాడుకోవలసిన పనే లేకపోయింది.

2003 ఊసు ఎవరమూ ఎత్తలేదు. అప్పట్లో స్టేషనులో కలుసుకోలేకపోయాం, అంతే కదా. ఎవరి తప్పని చెప్పలేం.

ఫిబ్రవరి 6, గురువారం

ఇవాళ్టి పనికి నాకు నేనే దండ వేసుకోవచ్చు.

కత్తి ఆకారం మొత్తం వచ్చేసింది. మోటు ఆకురాయితో మొదలుపెట్టి సన్న ఆకురాయి, ఆపైన ఉప్పుకాగితం. మేళావాళ్ళ నియమం ప్రకారం అంచు చిటికెనవేలంత మందం, గుండ్రంగా ఉండాలి. నా అంచు పసిపిల్లల గిలక్కాయలా ఉంది, పట్టుకుంటే వదలబుద్ధి కాదు. పదకొండేళ్ళు చేతికి తొడుగులు వేసుకుని ఇతరులు చేసినవి ముట్టుకున్నాను. నేను చేసింది ముట్టుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

కత్తి మీద ఏడు చంద్రులు చెక్కాలి, సన్నవంక నుంచి పున్నమి దాకా. ముందు ముఖం మీద మాత్రమే. వెనకముఖం పుస్తకంలో ఒక్క పేజీలోనూ కనిపించదు. అన్ని భాగాలూ వెతికాను, లేదు. కాబట్టి అక్కడ జిగురు కారిన చారలు, రంపపు గాట్లు, నా పెన్సిలు లెక్కలు అలాగే వదిలేశాను.

"వెనకాల ఇలాగేనా?" అన్నాడు ట్రౌట్‌వెటర్ గారు.

"వెనక ఎవరు చూస్తారండీ?"

"మా మేస్త్రి అల్మరా వెనక పలకకి కూడా చిత్రిక పట్టించేవాడు. గోడకి ఆనించి పెట్టే పలకకి."

"దేనికి?"

"అడిగాను. అల్మరా ఇల్లు మారినప్పుడు తెలుస్తుందిరా అన్నాడు."

ఫిబ్రవరి 11

మొదటి చంద్రుడు.

ఫిబ్రవరి 13, గురువారం

రెండు, మూడు.

ఫిబ్రవరి 20, గురువారం

ఐదయ్యాయి. వంపు ఉలితో లోతు మూడు మిల్లీమీటర్లు, అంచు దగ్గర మాత్రం ఉలి మొనతో. చెయ్యి దానంతటదే పోతోంది. నాలో ఎప్పుడూ నసపెట్టే ఆ రెండో మనిషి ఈ పని జరుగుతున్నంతసేపూ నోరెత్తదు. ఇంటికొచ్చాక మాట్లాడుతుంది.

కాఫీ దగ్గర ట్రౌట్‌వెటర్ గారు అడిగాడు. "ఆ రెండో అమ్మాయి, ఇంత స్నేహమంటారు కదా, మరి ఇరవై రెండేళ్ళు మాటల్లేకుండా ఏం చేశారు?"

"ఒకసారి మేళాకి వెళ్ళాల్సిన రోజు స్టేషనుకి రాలేదండీ."

"ఎవరు?"

"రూన్‌హిల్ట్."

అలా అన్నాను. తడుముకోకుండా వచ్చింది. పెళ్ళయిన కొత్తలో మార్కుస్‌కి చెప్పాను, పరిశోధన చేసిన ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పాను, ఒక పుట్టినరోజు విందులో నవ్వించడానికి కూడా చెప్పాను. ఎన్నోసార్లు చెప్పిన మాట.

ఆరో చంద్రుడు ఇవాళ కుదరలేదు. ఉలి రెండుసార్లు జారింది.

ఫిబ్రవరి 24

రూన్‌హిల్ట్ ఫోటో అడిగింది. పంపలేదు. అయ్యాక చూద్దువు, అన్నాను.

మార్చి 3

మళ్ళీ అడిగింది. తనది ఐపోయిందట. "ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకుంటే మంచిది కదే, కొలత తేడా వస్తే?" అంది. కొలతలు రాసి పంపాను: పొడవు, వెడల్పు, కొక్కెం లోతు, అన్నీ మిల్లీమీటర్లలో. తన కొలతలూ పంపింది. అంకెకి అంకె సరిపోయాయి. ఇంతకంటే ఏం కావాలి?

పదమూడున కత్తి తీసుకుని ఇక్కడికే వస్తానంది. రమ్మన్నాను.

మార్చి 9, ఆదివారం

పూర్తయింది. వెండిరంగు రెండు పూతలు, చంద్రుల్లో నీలం, కర్రకి అవిసెనూనె. వంటింట్లో ఎర్ర అంగీ వేసుకుని, ద్వారం పేజీలో మినె నిలబడ్డట్టు నిలబడ్డాను. కిటికీ అద్దంలో కనిపించిన మనిషిని చూసి నేను జాలిపడలేదు. ఇది రాసిపెట్టుకోవాలి. నేను బాగున్నాను.

మార్చి 13, గురువారం

అంతా వరసగా రాస్తాను.

మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. స్టేషనుకి నేను వెళ్ళలేదు, కార్ఖానాకి దారి చెప్పాను. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, సగం నెరిసింది. భుజాన దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట. "ట్రాములో ఒక ముసలాయన, స్కీయింగుకా అమ్మా అన్నాడు. అవునండీ, చివరి మంచు కదా అన్నాను" అంటూ లోపలికొచ్చి నన్ను పట్టేసుకుంది. నేను కూడా పట్టుకున్నాను, కొంచెం ఆలస్యంగా.

ఇవాళ్టి కేకు బ్యోన్కె గారిది. మాజీ పోస్ట్‌మాస్టరు, కుర్చీ చేస్తున్నాడు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు: "నాలుగో కాలిని మిగతా మూడింటికి సరిచేయబోయి కోస్తూ పోతే, ఇప్పుడు అది చిన్నపిల్లల కుర్చీ అయింది." వాక్యం ఒప్పుకున్నారు. రూన్‌హిల్ట్‌కి ఈ కట్టుబాటు తెగ నచ్చింది. "ఎందుకంటే అనకూడదా? ఐతే మా పళ్ళ డాక్టరు నోరు పడిపోతుంది" అని రెండు ముక్కలు తింది.

తర్వాత దుప్పటి విప్పింది. నిజం రాయాలి: తన పని నా పనికంటే బాగుంది. చంద్రుల అంచులు పంటి అంచుల్లా ఉన్నాయి.

నిలబడ్డాం. ద్వారం పేజీలో ఉన్నట్టు. ఇద్దరం గోడవైపు ఒకే పక్కకి నడిచి ఒకళ్ళనొకళ్ళం గుద్దుకున్నాం.

"నువ్వు అటు" అంది.

"కాదు, అకిహే అటు. మినె కుడివైపు నిలబడుతుంది."

"మినె ఎడమ."

పక్కలు మారి చూశాం. మారినా కుదరలేదు. తన చంద్రులు ఎదుటివాళ్ళకి కనిపించేట్టు పట్టుకుంటే కొక్కెం ఎడమకి తిరిగి ఉంది. నా చంద్రులు కనిపించేట్టు పట్టుకుంటే నాదీ ఎడమకే. ఒకే వైపు చూస్తున్న రెండు కొక్కేలు ఎలా తగులుకుంటాయి? నాదాన్ని వెనక్కి తిప్పితే కుడికి వచ్చింది, గడియ పడింది. కానీ అప్పుడు జనానికి కనిపించేది నా వెనకముఖం. జిగురు చారలు, పెన్సిలు లెక్కలు.

"నీది తిరగబడింది" అన్నాను.

"నాదా?" తన సంచిలోంచి కొత్త ముద్రణ తీసింది. నేను నాది తీశాను. రెండు ద్వారం పేజీలు పక్కపక్కన పెట్టాం. ఒకదాన్ని అద్దంలో చూపిస్తే రెండోది వస్తుంది.

"ఓరి దేవుడా. గెజీనె, మన చిన్నప్పటి ముద్రణలన్నీ తిప్పి అచ్చేసినవే కదే. ఇది గీసినవాళ్ళ దేశంలో పుస్తకం కుడినుంచి ఎడమకి పోతుంది. మనకి అలవాటు లేదని బొమ్మలన్నీ అద్దంలోలా తిప్పేసేవాళ్ళు. తర్వాత మానేశారు. ఈ సంగతి వేషాలు వేసే చంటిపిల్లకి కూడా తెలుసు."

"మొదట అచ్చయింది ఇది."

"ఇక్కడ మొదట అచ్చయింది."

"అందుకే అందరిదీ ఎడమచెయ్యి" అన్నాడు ట్రౌట్‌వెటర్ గారు వెనకనుంచి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

అప్పుడు ఊరుకుంటే పోయేది. నేను ఊరుకోలేదు. ఏ ప్రతినైనా మూలమని ఎప్పుడు అనవచ్చో, పాఠకుల తరం మొదట చదివినదానికి ఉండే విలువేమిటో మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినిపిస్తోంది. ఫోటో పంపి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని తను ఒక్కసారి కూడా అనలేదు. నేనే అన్నాను: "నువ్వు ముందే సరిగ్గా చెప్పి ఉండాల్సింది. ఎప్పుడూ ఇంతే నువ్వు. ఆ రోజు స్టేషనుకి కూడా..."

అక్కడ ఆగాను.

రూన్‌హిల్ట్ తన కత్తిని దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టింది. తాడు ముడి వేశాక తల ఎత్తింది.

"నేను స్టేషనుకి రాలేదని చెబుతున్నావట. మనతో చదివిన బెట్టీనా చెప్పింది, ఎప్పుడో, పదేళ్ళ కింద. నమ్మలేదు నేను." గొంతు పెంచలేదు. "నాలుగో ప్లాట్‌ఫారం. ఎర్ర అంగీ, చీపురు కర్ర, నన్ను చూసి జనం నవ్వుతున్నారు. నాకు పట్టలేదు. నువ్వొస్తావుగా. మెట్ల మీద నీ బూట్లు కనిపించాయి, పచ్చవి. ఆరు మెట్లు దిగాయి. ఆగాయి. మళ్ళీ పైకెళ్ళిపోయాయి."

నేను నా పుస్తకం మూసేశాను.

"ఇరవై రెండేళ్ళు నీ ఉత్తరం కోసం చూశాను. ఇక ఆగలేక నేనే రాశాను. శనివారం పదకొండింటికి ఆయుధాల తనిఖీ బల్ల దగ్గర ఉంటాను. వస్తావా అని మాత్రం ఈసారి అడగను."

ట్రౌట్‌వెటర్ గారికి, బ్యోన్కె గారికి చేయి కలిపి, కేకు బాగుందని చెప్పి వెళ్ళింది.

మార్చి 14

ఆమె పొరబడింది. ఆరు మెట్లు కాదు.

మార్చి 15

పచ్చబూట్లు ఎవరికైనా ఉండొచ్చు. ఆ ఏడాది అందరూ వేసుకున్నారు.

మార్చి 16, ఆదివారం

ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా ఇన్ని రోజులుగా ఏం రాశానో వెనక్కి తిప్పి చూశాను. జనవరిలో రైలు తప్పింది. అదే నెల చివర్లో మేం కలుసుకోలేకపోయాం. ఫిబ్రవరిలో ఆమె రాలేదు. ఒకే సంఘటనకి మూడు పాఠాలు. వేరెవరి వ్రాతప్రతిలోనైనా ఇలా కనిపిస్తే, లేఖకుడు ఏదో దాస్తున్నాడని ఐదు నిమిషాల్లో చెప్పేదాన్ని.

2003 మే 17, శనివారం. పై కోటు లోపల ఎర్ర అంగీ వేసుకున్నాను. మెట్లు దిగుతున్నాను. రూన్‌హిల్ట్ అక్కడ ఉంది, కర్ర పట్టుకుని, తల ఎత్తి, నిజంగా ద్వారం కాస్తున్నట్టు. ఇద్దరు కుర్రాళ్ళు ఆమెను ఆటపట్టిస్తున్నారు. అవతలి ప్లాట్‌ఫారం మీద మా ప్రొఫెసర్. సోమవారం ఆయన ముందు నా పరిశోధన సీటుకి ఇంటర్వ్యూ. ఆయన ఇటు చూడను కూడా లేదు. పేపరు చదువుకుంటున్నాడు. అది కూడా నాకు స్పష్టంగా గుర్తుంది.

తిరిగి ఎక్కేశాను. సీటు వచ్చింది.

మెట్లు ఆరో ఏడో నాకు తెలియదు. నేను లెక్కపెట్టలేదు. ఆమె లెక్కపెట్టింది.

మార్చి 17, సోమవారం

రెండు దారులున్నాయి. మొదటిది, మరో కత్తి చేయడం. ఐదు రోజుల్లో జిగురు ఆరడం, రంగు ఆరడం జరగని పని. రెండోది ఈ కత్తికే వెనకముఖం చెక్కడం.

ఇవాళ కార్ఖానా తెరిచే రోజు కాదు. ఫోన్ చేస్తే ట్రౌట్‌వెటర్ గారు వచ్చి తలుపు తీశాడు. "చెక్క మందం ఎంతుంది?" అన్నాడు, అంతే.

"ఇరవై నాలుగు. అటు మూడు తీశాను. ఇటూ మూడు తీసినా పద్దెనిమిది ఉంటుంది."

"అతికించిన పలక. తట్టుకుంటుంది. ముందు చిత్రిక పట్టండి. జిగురు మీద ఉలి పెడితే ఉలి పోతుంది."

చిత్రిక పట్టాను. జిగురు చారలు, గాట్లు, పెన్సిలు లెక్కలు చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ళ దగ్గర పడ్డాయి. వాటి కింద ఉన్నది కూడా అదే తెల్లటి చెక్క. ముందువైపు కంటే కాస్త మెరుగ్గా కూడా ఉంది.

మార్చి 18, మంగళవారం

మూడు చంద్రులు. ఈసారి కొత్త ముద్రణ చూసి గీశాను. పుస్తకాల కొట్లో కొనుక్కొచ్చాను.

మార్చి 19

ఇంకో మూడు. బొటనవేలికి బొబ్బ. చెయ్యి తడబడటం లేదు. తడబడుతుందని భయపడ్డాను.

మార్చి 20, గురువారం

ఏడోది. రంగు మొదటి పూత.

అందరూ వెళ్ళాక ట్రౌట్‌వెటర్ గారు కత్తిని తీసుకుని ముందు ఒకసారి, వెనక ఒకసారి తిప్పి చూశాడు. "ఇప్పుడు ఏది వెనక?" అన్నాడు.

ఆయన అడిగింది జవాబు కోసం కాదు.

"ఫిబ్రవరిలో మీకు ఒక అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు. ఆ రోజు ఉలి రెండుసార్లు జారింది. నాతో కాదు చెప్పాల్సింది."

మార్చి 21

పొద్దున రెండో పూత. అంచు ఇంకా కొంచెం అంటుకుంటోంది. వంటింట్లో వాక్యం సాధన చేశాను. మొదటి ఐదింటిలో ప్రొఫెసర్ వచ్చాడు. ఆ తర్వాత నా వయసు వచ్చింది. ఆ తర్వాత కుర్రాళ్ళు. ఒక్కొక్కరినీ తీసేయగా మిగిలినది చిన్నదే.

మార్చి 22, శనివారం

ఎనిమిది గంటల రైలు. బయటికి కనిపించేలా ఎర్ర అంగీ, పైన కోటు లేదు. చలేసింది. ఎదుటి సీటులో ఒక తల్లి, పిల్ల. పిల్ల మాగ్డెబుర్గ్ వచ్చేదాకా నా చంద్రులనే చూసింది. "అటుపక్క కూడా ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. ఇంత గర్వంగా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పి ఉండను.

పదకొండుకి పది నిమిషాల ముందే తనిఖీ బల్ల దగ్గరికి చేరాను. రూన్‌హిల్ట్ అప్పటికే వరసలో ఉంది. నన్ను చూసింది. చెయ్యి ఊపలేదు, జరిగి చోటిచ్చింది. మా ముందు రెక్కలున్న నలుగురు, తోక పట్టుకోలేక తిట్టుకుంటున్న ఒక డ్రాగన్.

రైల్లో అనుకున్న చోటూ సమయమూ ఇది కాదు. స్టేజీ దిగాక, కాఫీ తాగుతూ, మెల్లగా. కానీ ఇంకో నిమిషం ఆగితే నేను ఎక్కడికి పోతానో నాకు తెలుసు.

"ఆ రోజు నువ్వు వచ్చావు, నిన్ను చూసి నేను మెట్లెక్కి వెళ్ళిపోయాను."

చుట్టూ అంత గోల. ఆమె విందో లేదో అనుకున్నాను. నా మొహంలోకి చూసింది, ఇంకేదైనా వస్తుందేమోనని ఆగినట్టు. నేను ఇంకేమీ అనలేదు. అనడానికి నాలుక చివర్లో చాలా ఉన్నాయి.

"కేకేదీ?" అంది.

సంచిలోంచి డబ్బా తీశాను. గసగసాలది. ఆమె మూత తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. కళ్ళు తుడుచుకుంటే అలంకరణ పోతుందని తల వెనక్కి వాల్చి పైకప్పు వైపు చూస్తూ నిలబడింది. నేనూ చూశాను. అక్కడ గొట్టాలు తప్ప ఏమీ లేవు.

తనిఖీ బల్ల వెనక గులాబీరంగు విగ్గు పెట్టుకున్న గడ్డపాయన. మా కత్తుల అంచుల చుట్టూ వేలితో తడిమాడు, బరువు చూశాడు, కొక్కెం లాగి చూశాడు. నాదాన్ని రెండు వైపులా తిప్పాడు.

"రెండు వైపులా చెక్కారే. ఒకవైపు చంద్రులు ఇటు పెరుగుతున్నాయి, ఇంకోవైపు అటు. ఇది పుస్తకంలో లేదు కదా?"

"లేదండీ. ఒక వైపు నేను తప్పు చేశాను."

"ఏ వైపు?"

చూపించాను. రూన్‌హిల్ట్ పక్కకి తిరిగి నవ్వింది. ఆయన రెండు కత్తులకీ ఆకుపచ్చ పట్టీ కట్టేశాడు.

"డబ్బాలో ఏముంది? అది కూడా తనిఖీ చేయాలి" అన్నాడు. ఒక ముక్క తనిఖీ చేశాడు.

స్టేజీ గురించి రాయడానికి ఎక్కువ లేదు. నలభై సెకన్లు. మినె ఎడమవైపు, అకిహ కుడివైపు. కర్రలు లేచాయి. గడియ పడ్డప్పుడు చెక్క మీద చెక్క చప్పుడు హాలు చివరిదాకా వినిపించింది. నురుగుతో అది రాదు. ఎదుట ఉన్నవాళ్ళకి కొత్త చంద్రులు కనిపించాయి. తప్పు చంద్రులు మా వెనక, తెరవైపు. బహుమతి డ్రాగన్‌కి వచ్చింది.

మార్చి 27, గురువారం

కార్ఖానాకి రూన్‌హిల్ట్ వస్తానంది. తన కొక్కెం మొన ఒక పొర లేచిందట, స్టేజీ మీద నేను గట్టిగా లాగానట. కేకు తెస్తోంది, వాక్యంలో నా పేరుంటే చెల్లుతుందా అని ట్రౌట్‌వెటర్ గారిని అడగమంది. చెల్లదన్నాడు.

రైలు మూడుంబావుకి. స్టేషనుకి వెళ్ళాను. నాలుగో ప్లాట్‌ఫారం. మెట్లు పద్దెనిమిది ఉన్నాయి.